కుక్కను పంపేయమని కాలనీ సంఘం కాగితం ఇస్తే

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ చెబుతాను, మిగతావారికీ అర్థం కావాలి కదా. నెల్లూరు శివారులోని ఒక కాలనీలో మీకు సొంత ఇల్లు ఉంది. ఏడాదిన్నర వయసున్న మగ లాబ్రడార్‌ను పెంచుతున్నారు. పగలు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి దాన్ని మేడ మీద కట్టేస్తున్నారు. మధ్యాహ్నం పూట అది ఆపకుండా మొరుగుతోందని ఇరుగుపొరుగు ఎప్పటినుంచో సణుగుతున్నారు. మీ అమ్మగారు గేటు ముందు మూడు వీధికుక్కలకు రోజూ అన్నం పెడతారు. నాలుగు రోజుల క్రితం వాటిలో ఒకటి ఎదురింటి ఆరేళ్ల పాపను పిక్క మీద కరిచింది. మర్నాడే సంఘం వారు మీ లాబ్రడార్‌ను పది రోజుల్లో పంపేయాలని, అమ్మగారు వీధికుక్కలకు అన్నం పెట్టడం మానేయాలని కాగితం ఇచ్చారు. తెలిసినవారి రొయ్యల గుంటల దగ్గరికి కుక్కను పంపేస్తే గొడవ వదులుతుందా అని మీరు అడిగారు.

పంపనక్కర లేదు. పంపమనే అధికారం సంఘానికి లేదు. కానీ దాన్ని మేడ మీద కట్టేయడం ఈ రోజుతో ఆపాలి. అమ్మగారు అన్నం పెట్టడం మానక్కర లేదు, పెట్టే చోటూ వేళా మారాలి. అయితే వీటన్నిటికంటే ముందు చూడవలసింది, మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన ఆ పాప సంగతి.

పాపకు టీకా వేయించారా? మీరు రాసిన దానిలో ఆ మాట ఎక్కడా లేదు. "పెద్ద గాయమేమీ కాదు, కొద్దిగా గీరుకుపోయింది" అని మాత్రం ఉంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల పశువైద్యశాలల్లో 31 ఏళ్లు పనిచేశాను. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు భయం వేస్తుంది. రేబిస్ క్రిమి కుక్క చొంగలో ఉంటుంది. అది లోపలికి పోవడానికి గీరుకున్న చర్మం చాలు. ఒకసారి జబ్బు బయటపడితే మనిషిని బతికించే మందు లేదు. టీకా వేయించుకుంటే ఆ జబ్బే రాదు. ఇంత తేలిగ్గా ఆపగలిగి, ఆపకపోతే ఇంత ఘోరంగా ముగిసే జబ్బు నాకు తెలిసి మరొకటి లేదు.

కాటు పడగానే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట సేపు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు లాంటివేవీ పెట్టకూడదు. చర్మం గీరుకుపోయి రక్తం రాకపోతే టీకా సరిపోతుంది. రక్తం చుక్క కనిపించినా, పన్ను లోపలికి దిగినా, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు క్రిమిని అడ్డుకునే మందు) కూడా వేయాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకాను చర్మం పొరలోకి నాలుగు విడతలుగా వేస్తారు: మొదలుపెట్టిన రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. నాలుగు రోజులు గడిచిపోయాయి కదా, ఇంకేం లాభం అని ఎవరైనా అంటే వినకండి. ఈ రోజు మొదలుపెట్టినా మేలే. పెద్దవాళ్లు వెనకాడడానికి కారణం ఒకటుంది. వారికి బొడ్డు చుట్టూ వేసే పద్నాలుగు సూదులు గుర్తు. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత టీకా మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పటివి భుజానికి వేసే చిన్న సూదులు. ఈ మాట ఆ పాప నాయనమ్మకో అమ్మమ్మకో మీరే స్వయంగా చెప్పండి.

పిచ్చికుక్క అనగానే నురగలు కక్కుతూ వెంటపడే కుక్కే అందరి మనసులో మెదులుతుంది. అన్నీ అలా ఉండవు. కందుకూరులో పనిచేసే రోజుల్లో ఒకాయన తన కుక్కను రిక్షాలో తెచ్చాడు. దాని కింది దవడ వేలాడుతోంది, చొంగ తీగలా సాగి నేలను తాకుతోంది, నాలుక ఎండి దుమ్ము పట్టి ఉంది. "నిన్న చేపల పులుసు చేశాం, ముల్లు ఇరుక్కుంది డాక్టరుగారూ, రెండుసార్లు గొంతు దాకా వేళ్లు పెట్టి చూశాను, దొరకలేదు" అన్నాడు. నీళ్ల గిన్నె దగ్గరికి జరిపితే కుక్క మూతి ముంచింది, కానీ గుటక వేయలేకపోయింది. కరవలేదు, అరవలేదు, మూలకు వెళ్లి తలవాల్చి పడుకుంది. అదీ రేబిసే. గొంతు, దవడ కండరాలు చచ్చుబడిపోయే రకం. మూడో రోజు అది చనిపోయింది. ఆ ఇంట్లో ఐదుగురికీ ఆ రోజే టీకాలు మొదలుపెట్టించాం, అందరూ బాగున్నారు. అందుకే నోరు తెరుచుకొని మింగలేకపోతున్న ఏ కుక్క నోట్లోనూ చెయ్యి పెట్టకండి, సొంత కుక్కయినా సరే.

ఇప్పుడు ఆ కరిచిన వీధికుక్క. దాన్ని తరిమేయకండి, తరమనివ్వకండి. కాటు వేసిన రోజున దాని చొంగలో రేబిస్ క్రిమి ఉంటే, సాధారణంగా పది రోజుల లోపే అది జబ్బుపడి చనిపోతుంది. పదో రోజున కూడా హుషారుగా తిరుగుతూ తింటుంటే, ఆ రోజు దానికి రేబిస్ లేనట్టే. అంతవరకూ పాప టీకా ఆపకూడదు, ఆ తర్వాత ఎన్ని సూదులు వేయాలో వైద్యులు చెబుతారు. ఇలా గమనించాలంటే కుక్క రోజూ కంటికి కనిపించాలి. అమ్మగారి చేతి అన్నానికి అది రోజూ ఒకే వేళకు వస్తోంది కాబట్టే మనకు ఆ వీలుంది. ఆవిడ ఈ వారం అన్నం మానేస్తే కుక్క మరో వీధికి పోతుంది, పాప తల్లిదండ్రులకు ఆ సమాచారం అందే దారి మూసుకుపోతుంది. సంఘం సమావేశంలో ఈ ఒక్క విషయం నెమ్మదిగా చెప్పండి, చాలామంది ఆలోచనలో పడతారు.

ఇక మీ లాబ్రడార్. మొరుగుడు మీ పొరుగువారి సమస్య అని మీరు రాశారు. నేను ఒప్పుకోను. అది ముందు మీ కుక్క సమస్య. అది బాధపడుతుంటే ఆ బాధ పక్కింటివారికి శబ్దంగా వినిపిస్తోంది.

ఒంగోలులో అచ్చం ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కుక్క ఒకటే అరుపు. ఇంటివారు గొంతు తగ్గించే మందు ఏదైనా రాసివ్వమని అడిగారు. నేను మే నెలలో ఒక మధ్యాహ్నం వాళ్ల మేడ ఎక్కాను. చెప్పులు విప్పి కాలు పెడితే రెండు క్షణాలు నిలవలేకపోయాను. మూలన సిమెంటు రేకు వేశారు, దాని నీడ పన్నెండు దాటాక గోడ అవతలికి జారిపోయింది. స్టీలు బేసిన్‌లో నీళ్లు ఉన్నాయి, వేలు పెడితే కాలుతున్నాయి. గొలుసు పొడవెంతో ఆ మేర నేల మీద అర్ధచంద్రాకారంలో నున్నటి గీత పడింది. ఆ కుక్క రోజంతా ఆ గీత మీదే అటూ ఇటూ తిరిగేది. ముందు కాళ్ల మెత్తల మీద బొబ్బలు ఎక్కి పగిలి ఉన్నాయి. నేను మందేమీ రాయలేదు. కుక్కను కిందికి దింపి వసారాలో ఉంచమన్నాను, తెల్లవారుజామున ముప్పావు గంట నడిపించమన్నాను. నెల తిరిగేసరికి పొరుగువారే వచ్చి, కుక్కను ఎవరికైనా ఇచ్చేశారా అని అడిగారట.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నాలుక మీదుగా వేడిని బయటికి పంపుకోవాలి. దాని ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉంటుంది. 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా? లాబ్రడార్ ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. చలిదేశమైన కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపల వలలు లాగే జాలర్లకు సాయపడిన కుక్కల వంశం అది. చల్లటి నీళ్లలో రోజంతా పనిచేయడానికి పుట్టిన జంతువును కాంక్రీటు మీద, పనేమీ లేకుండా కట్టేస్తున్నాం.

మీరు చేయవలసినవి ఇవి. పగలు ఇంట్లోనే, ఫ్యాను ఉన్న గదిలో వదలండి. గదిలో మూత్రం పోస్తుందని భయపడుతున్నారు, ఆఫీసుకు వెళ్లేముందు బాగా నడిపిస్తే పెద్ద కుక్క ఆ ఏడెనిమిది గంటలు ఆపుకోగలదు. మీ అమ్మగారు ఇంట్లోనే ఉంటారు కాబట్టి మధ్యలో ఒకసారి పెరట్లోకి వదిలితే ఇంకా మంచిది. ఉదయం ఆరింటికి ముందు, రాత్రి ఏడున్నర తర్వాత నడక, రెండు పూటలా కలిపి గంటన్నర. వెళ్లేముందు దాని తిండిలో కొంత పాత గుడ్డల్లో చిన్న మూటలు కట్టి గదిలో అక్కడక్కడా దాచండి. ముక్కుతో వెతుక్కుంటూ ఒక గంట గడుపుతుంది, అలసి పడుకుంటుంది. కుక్కకు పరుగు ఎంత అవసరమో వెతుకులాట కూడా అంతే అవసరం. ఎప్పుడైనా ఎండదెబ్బ తగిలి కుక్క తూలుతూ, చిగుళ్లు ఎర్రబడి, ఆగకుండా రొప్పుతుంటే వెంటనే నీడకు తెచ్చి పొట్ట, తొడల సందులు, పాదాలు మామూలు నీళ్లతో తడిపి గాలి విసరండి. ఐసు నీళ్లు పోయకండి. తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రొయ్యల గుంటల దగ్గరికి మాత్రం పంపకండి. ఇది గట్టిగానే చెబుతున్నాను. "అక్కడైతే బోలెడంత జాగా, స్వేచ్ఛగా తిరుగుతుంది" అని పంపేవారంతా అనుకుంటారు. ఇందుకూరుపేట వైపూ కొత్తపట్నం వైపూ నేను చూసిన గుంటల కాపలా కుక్కల్లో ఎక్కువ భాగం గట్టు మీద కొయ్యకు కట్టేసి ఉండేవే. నీడ కాపలా పాకలో ఎంత ఉంటే అంత, తిండి కూలీలకు మిగిలితే ఉంటుంది. నెల్లూరులో ఒక కుటుంబం ఐదేళ్లు పెంచిన లాబ్రడార్‌ను, మీలాగే సంఘం ఒత్తిడి తట్టుకోలేక, అలాగే పంపింది. ఎనిమిది నెలల తర్వాత చూడటానికి వెళ్లిన ఆ ఇంటి అబ్బాయి దాన్ని గుర్తుపట్టలేకపోయాడు. ఆటోలో వేసుకొని నా దగ్గరికి తెచ్చాడు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు గింజల్లా గుత్తులు కట్టి ఉన్నాయి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి. కుడి ముక్కు నుంచి రక్తం ఆగకుండా కారుతోంది. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా జ్వరం అది. మొదట్లోనే తెస్తే డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు వాడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. ఇది అప్పటికే ఆలస్యమైపోయింది, రక్తం గడ్డకట్టే శక్తి పోయింది. రెండు రోజులు ప్రయత్నించాం, దక్కలేదు. ఆ అబ్బాయి ఆ రెండు రాత్రులూ ఆసుపత్రి అరుగు మీదే పడుకున్నాడు.

కాబట్టి మీ ఇంట్లో కూడా వారానికోసారి చెవులు, వేళ్ల సందులు, మెడపట్టీ కింద చేత్తో తడిమి చూడండి. పిడుదు కనిపిస్తే నలపకండి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని నిదానంగా లాగండి. పిడుదులు కుక్క ఒంటి మీద కంటే గోడ పగుళ్లలోనే ఎక్కువ ఉంటాయి, అక్కడ కూడా మందు కొట్టకపోతే ప్రయోజనం లేదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మగ కుక్కే కదా అని చాలామంది పట్టించుకోరు. ఆపరేషన్ చేయిస్తే ఆడకుక్కల వాసనకు గేటు దూకి పారిపోవడం, అక్కడ కాట్లాడుకోవడం బాగా తగ్గుతాయి, వృషణాల క్యాన్సర్ బెడద ఉండదు. లాబ్రడార్ లాంటి పెద్ద జాతికి ఏడాది నిండాక చేయించడం మంచిది కాబట్టి మీకు ఇదే సరైన సమయం. ఆడకుక్కలున్నవారు ఇది చదువుతుంటే, గర్భసంచిలో చీము పట్టి అర్ధరాత్రి తెచ్చిన కేసులు నేను లెక్కపెట్టలేనన్ని చూశాను. పుట్టిన కుక్కపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి పెన్నా గట్టున వదిలేసి వెళ్లినవారినీ చూశాను. ఆ పెట్టెల్లోంచి బతికినవే మన వీధికుక్కలు.

వీధికుక్కల సంగతి. జంతు జనన నియంత్రణ నియమాలు 2023లో కొత్తగా వచ్చాయి. వాటి ప్రకారం వీధికుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. మీ మూడింటి చెవులు చూడండి. గుర్తు లేకపోతే మీరూ సంఘమూ కలిసి ఒకే కాగితం మీద నగరపాలక సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. ఒక ఇంటివారి దరఖాస్తు కంటే కాలనీ అంతా సంతకాలు చేసిన కాగితం త్వరగా కదులుతుంది. తిండి పెట్టే చోటు నిర్ణయించవలసింది కూడా నియమాల ప్రకారం నివాసుల సంఘమే. ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, రాకపోకల దారులకు, మెట్లకు దూరంగా ఉండాలి, పెట్టే వేళ పిల్లలూ వృద్ధులూ తిరగని వేళ కావాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా కేటాయించిన చోట్లలోనే తిండి పెట్టాలని చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తరలించాలని ఆదేశించింది. కాబట్టి కాలనీలో బడి ఉంటే దాని చుట్టుపక్కల అన్నం అసలు వద్దు.

అమ్మగారు గేటు ముందు పెట్టడంలోని చిక్కు ఇక్కడే ఉంది. గేటు ముందు తింటున్న కుక్క ఆ జాగాను తనదనుకుంటుంది. అటు పరుగెత్తుకొచ్చిన పాపను తన తిండికి వచ్చిన పోటీగా చూస్తుంది. ఆ రోజు పాప కొట్టి ఉండకపోవచ్చు, రాయి విసిరి ఉండకపోవచ్చు, బంతి కోసం వంగి ఉంటుంది, అంతే. రాత్రి తొమ్మిది దాటాక, కాలనీ చివర ఖాళీ స్థలంలో, మూడు వేర్వేరు ఆకుల్లో దూరదూరంగా పెట్టించండి. తిన్నాక ఆకులు తీసేయాలి. కారం పులుసు కలిపిన అన్నం, చేప ముళ్లు, ఉడికిన కోడి ఎముకలు వద్దు. ఉడికిన ఎముక సూదిలా చీలి పేగులో గుచ్చుకుంటుంది.

వాటిని వ్యానులో ఎక్కించి ఊరవతల వదిలేద్దామని సమావేశంలో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ జాగా, ఆ చెత్తకుండీ ఖాళీగా ఉండవు, నెల తిరగకుండా ఆపరేషన్ కాని, టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. విషం పెడదామని అనేవారుంటే, జంతువును చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరమని చెప్పండి.

చట్టం విషయం ఇప్పుడు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, అలాంటి నిషేధం చెల్లదని 2021లో కేరళ హైకోర్టు చెప్పింది. ఇది మీ వైపు ఉన్న బలం. మీకు వ్యతిరేకంగా ఉన్నది కూడా తెలుసుకోండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం క్రూరత్వంగానే రాసి ఉంది. జంతువును గాలికి వదిలేయడమూ అదే సెక్షన్ కింద వస్తుంది. మీ కుక్క ఎవరినైనా కరిస్తే, దాన్ని అదుపులో పెట్టడంలో నిర్లక్ష్యం చూపినందుకు న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

కానీ సమావేశానికి సెక్షన్లు పట్టుకొని వెళ్లకండి. టీకా కార్డు పట్టుకొని వెళ్లండి. రేబిస్ టీకా ఏటా వేయించినట్టు, పార్వో, డిస్టెంపర్ అనే కుక్క జబ్బుల టీకాలు పూర్తయినట్టు, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు తాగించినట్టు అందులో ఉండాలి. నగరపాలక సంస్థలో కుక్కను నమోదు చేయించి ఆ కాగితమూ జత చేయండి. నడకకు ఎప్పుడు వెళ్లినా బెల్టు మీ చేతిలోనే ఉంటుందని, మలం కాగితంతో ఎత్తి చెత్తకుండీలో వేస్తామని అందరి ముందూ మాట ఇవ్వండి. ఈ మలం సంగతి చిన్నదిగా చూడకండి. కుక్క పేగులోని ఏలికపాముల గుడ్లు ఇసుకలో నెలల తరబడి బతుకుతాయి, అదే ఇసుకలో పిల్లలు ఆడుకుంటారు. నేను చూసిన కాలనీ తగాదాల్లో సగం కాటు దగ్గర కాదు, దీని దగ్గరే మొదలయ్యాయి. జులై 6న జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం సందర్భంగా మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ ఒక బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజున కాలనీలోని పెంపుడు కుక్కలన్నిటినీ కలిసి తీసుకెళ్దామని మీరే ప్రతిపాదించండి.

సమావేశానికి ముందు, ఈ సాయంత్రమే, మీరూ అమ్మగారూ కలిసి ఎదురింటికి వెళ్లండి. కుక్కను తీసుకెళ్లకండి. పాప పిక్క మీద గాటు చూడండి, రక్తం వచ్చిందా అని అడగండి. టీకా మొదలుపెట్టకపోతే మీ బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లండి, సూదుల తేదీలు మీ ఫోనులోనూ రాసుకోండి. ఈ రోజు నాలుగో రోజు. కరిచిన కుక్క ఎలా ఉందో, తింటోందా, నీళ్లు మింగుతోందా, గొంతు మారిందా అని పదో రోజు వరకు రోజూ చూసి ఇక్కడే రాయండి. నేను చూస్తుంటాను.